సున్నా పిన్ని పరీక్ష

"నోరు తెరిచావో, పుస్తకం వాపసు" అంది సున్నా పిన్ని, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న రచయిత పెదవులు బిగించుకున్నాడు. కంప్యూటర్ ముఖం చూడనివాళ్ళకి కూడా వెబ్ పేజీ తయారుచేయడం నేర్పే పుస్తకం అతనిది. ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలన్నీ ధారపోసి రాశాడు. ఇప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది. ఈసారీ తప్పితే ఇంక ఈ గడప తొక్కనక్కర్లేదని ప్రచురణకర్త మొహం మీదే చెప్పేశాడు.

ఆ ప్రచురణాలయం పద్ధతే వేరు. పని నేర్పే పుస్తకం ఏది వచ్చినా ముందు పిన్ని ముందు పెడతారు. ఆవిడ ప్రచురణకర్తకి సొంత పిన్ని. పుస్తకంలో చెప్పింది చెప్పినట్టు, చెప్పినంతవరకే చేస్తుంది. పని పూర్తయిందా, పుస్తకం అచ్చుకు వెళ్తుంది. మధ్యలో ఒక్క ప్రశ్న అడగాల్సి వచ్చిందా, రచయిత ఇంటికి వెళ్తాడు. నాకు అన్నిట్లోనూ సున్నాయే అని ఆవిడే చెప్పుకుంటుంది కాబట్టి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. ఆ సున్నాతోనే కారే కుళాయిలు బాగుచేసింది, స్వెటర్లు అల్లింది, ఊడిన సైకిల్ చైను ఎక్కించింది. తెలియదని చెప్పడానికి సిగ్గుపడని మనుషుల్ని మీరు ఎంతమందిని చూశారో నాకు తెలియదు. నేను చూసింది ఈవిడ ఒక్కర్తినే.

రచయితకి తెర కనిపించకుండా స్టూలు వేయించింది కూడా ఆవిడే. కనిపిస్తే ఈ రచయితలకి చెయ్యి ఆగదట. అతనికి కనిపించేదల్లా పిన్ని వేలు. అది పుస్తకంలో ఒక వరుస మీద ఆగుతుంది, తర్వాత కీబోర్డు మీదికి వెళ్తుంది, మళ్ళీ వచ్చి ఆ వరుస మీదే వాలుతుంది. శీర్షిక పెట్టమంటే పెట్టింది. రంగు మార్చమంటే మార్చింది. అతని అక్షరాలన్నీ ఆ వేలి కింద ఒక్కొక్కటిగా పనిగా మారుతుంటే గుండె నిండిపోయింది. తన పుస్తకాన్ని ఇంత శ్రద్ధగా తను కూడా చదివి ఉండడు.

"బొమ్మ రాలేదు" అంది పిన్ని, తనలో తనే.

రచయిత స్టూలు అంచుకి జరిగాడు. పోయినసారి తప్పింది ఇక్కడే. పేజీ ఏ ఫోల్డర్‌లో ఉందో బొమ్మ కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉండాలని అప్పుడు నోటితో చెప్పాడు. ఆవిడ అర్థమైందని తలూపింది. చెప్పేశాను కదా అన్న ధీమాతో ఆ సంగతి పుస్తకంలో రాయడం మర్చేపోయాడు. ఇప్పుడు గుర్తొచ్చి ఏం లాభం?

పిన్ని ఒక్క క్షణం ఆలోచించింది. మౌస్ కదిపింది. "ఆఁ, వచ్చింది" అంది.

చెవి వెనక పెన్సిలుతో ప్రచురణకర్త అప్పుడే లోపలికి వచ్చాడు. ఆయనకి కాగితం మీద ఉంటేనే అక్షరం కింద లెక్క. తెర మీద ఏం చూపించబోయినా ప్రింటు తీసి పట్టుకురమ్మంటాడు. పేజీ వచ్చిందని వినగానే రచయిత భుజం తట్టి, అయితే ఇవాళే అచ్చుకు పంపిద్దామన్నాడు.

"ఆగరా, పంపకు" అంది పిన్ని. "బొమ్మ సంగతి పుస్తకంలో లేదు. పోయినసారి ఈ అబ్బాయి చెప్పింది నా బుర్రలో ఉండిపోయింది. రేపు కొనుక్కున్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెప్పొస్తాడా?"

రచయితకి కోపం రావాల్సింది. రాలేదు. నిజమేనండీ అని ఒప్పుకుని, పెన్సిలు అడిగి తీసుకుని, ఆ వాక్యం అక్కడే మార్జిన్‌లో రాశాడు. ప్రచురణకర్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, రాశాడుగా, ఇంకొక్కసారి చేసి చూడు పిన్నీ అన్నాడు.

"నేనింక పనికిరానురా. చేసీ చేసీ ఇది నాకు కంఠతా వచ్చేసింది. పుస్తకం బాగుందంటే నమ్మండి, బ్రహ్మాండంగా ఉంది, అందుకే వచ్చింది. కానీ తెలిసినదాని పరీక్ష పరీక్షా? ఇంకో మనిషిని వెతుక్కోవాలి. అందుకే ఈ పేజీ చేశాను" అంటూ తెర వాళ్ళ వైపు తిప్పింది.

లేత పసుపు రంగు మీద పెద్ద అక్షరాలు. "కావలెను: కంప్యూటర్ ఎన్నడూ ముట్టుకోని మనిషి. తెలియనిది తెలియదని చెప్పగలగాలి." దాని కింద ఖాళీ కుర్చీ బొమ్మ, తెర కింది అంచు దగ్గర తెగి సగం వరకే కనిపిస్తోంది.

ముచ్చటైన పేజీ. వరుస తప్పలేదు, ఒక్క అక్షరం పక్కకి పోలేదు. అయినా రచయితకి నవ్వు ఆగలేదు. ఇది చూడగలిగినవాళ్ళు మనకి పనికిరారు, పనికొచ్చేవాళ్ళు ఇది చూడలేరు కదండీ అన్నాడు.

పిన్ని మొహం చిన్నబోయింది. "ఆ సంగతి నీ పుస్తకంలో ఎక్కడా రాయలేదే" అంది.

వీళ్ళ గొడవ ప్రచురణకర్త వినడం లేదు. తెర మీదికి వంగి, దాని అద్దాన్ని పెన్సిలు మొనతో పైకి నెడుతున్నాడు.

"మిగతా సగం కుర్చీ ఏది పిన్నీ? దీన్ని పైకి జరపడం ఎలా?"

పిన్ని, రచయిత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్ని లేచి, ప్రచురణకర్త భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూలేసింది. పుస్తకం మొదటి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి, రచయిత వైపు తిరిగింది.

"మనిషి దొరికాడు. నువ్వు నోరు తెరవకు."