ముట్టని కాఫీ

"ఆ కప్పు తీసి తాగెయ్. తాగి నీ దారి చూసుకో," అన్నాడు నాయిఫ్, పిండికట్టు వేసిన కాలు దిండు మీద సర్దుకుంటూ.

మహ్రూస్ తాగలేదు. పరుపు అంచున ఒదిగి కూర్చుని, తనకిచ్చిన కాఫీని నేల మీదే ఉంచాడు. "నా మనవి ఒప్పుకునేదాకా తాగనన్నా," అన్నాడు.

కాఫీ పోస్తున్న థామిర్ పకపకా నవ్వాడు. నాయిఫ్‌కి చిన్నాన్న కొడుకతను, నోరు ఊరుకోదు. "ఓర్నీ! కప్పు కింద పెట్టడం కూడా వచ్చునే నీకు! ఎవడ్రా నేర్పింది?"

"రొట్టెల కొట్టుకొచ్చే వాళ్లు చెప్పారన్నా. రాజీ అడగడానికొచ్చినవాళ్లు కాఫీ ముట్టరనీ, ఇంటివాళ్లు సరేనన్నాకే తాగుతారనీ..."

"సగమే చెప్పారు. కప్పు కింద పెట్టేది తప్పు చేసినవాడు కాదురా, వాడి తరఫున వచ్చిన పెద్దమనిషి! ఏడీ నీ పెద్దమనిషి? గుమ్మం బయట చూడు, ఒక్కడంటే ఒక్కడున్నాడా?"

మహ్రూస్ అటు చూడలేదు. చూడ్డానికేముంది? ఈజిప్టు నుంచి పొట్ట చేతబట్టుకుని జోర్డాన్‌లోని ఈ కరక్ ఊరికి వచ్చినవాడు. రొట్టెల బండి వెనక్కి తీస్తూ నాయిఫ్ కాలు విరగ్గొట్టిన నాటి నుంచి, కొట్టు మీది అతని గదికి పలకరించడానికి వచ్చిన పాపాన పోయినవాడు లేడు. రేపు కోర్టు. నాయిఫ్ వెళ్లి ఫిర్యాదు వదులుకున్నానంటే జడ్జి కేసు మూసేస్తాడు. లేదంటే జైలు, ఆ తర్వాత దేశం నుంచి గెంటివేత.

"మీ కొట్టు యజమాని రాలేదా?" అన్నాడు నాయిఫ్.

"తనకి సంబంధం లేదన్నాడన్నా."

"పోనీ, మసీదు ఇమామ్?"

"నువ్వెవరి మనిషివని అడిగారు. ఏం చెప్పను? నేనెవరి మనిషినీ కానుగా."

నాయిఫ్‌కి జాలి వెయ్యకపోలేదు. "చూడు మహ్రూస్, నాకు నీ మీద పగ లేదు. వైద్యం ఖర్చూ అడగను. కానీ మేకపిల్ల తగాదాకి కూడా పెద్దలు కట్టగట్టుకుని వచ్చే ఊరిది. నా కాలు విరిగితే నువ్వొక్కడివే వచ్చావనీ, నేను సరేనన్నాననీ తెలిస్తే రేపు బజార్లో తలెత్తుకోగలనా? నాయిఫ్ కాలు ఇంత చవకా అని నవ్వరూ?"

"లేనివాళ్లని ఎక్కణ్ణుంచి తెచ్చేదన్నా?"

"అది నా తప్పా?"

కిటికీ పక్కన జపమాల తిప్పుకుంటున్న ముసలాయన చెయ్యి ఆగింది. నాయిఫ్ తండ్రి ఆయన. కర్ర అందుకుని లేచాడు.

"అయిపోయావు పో! పెదనాన్నకి కోపమొస్తే కర్రతోనే మాట్లాడతాడు," అన్నాడు థామిర్.

మహ్రూస్ తల దించుకుని లేవబోయాడు. ముసలాయన అతని భుజం నొక్కి మళ్లీ కూర్చోబెట్టాడు. తనూ మోకాళ్లు పట్టుకుని, వచ్చినవాళ్లు కూర్చునే ఆ పరుపు మీదే, అతని పక్కనే చతికిలబడ్డాడు.

"అక్కడెందుకు నాన్నా? మన చోటు ఇక్కడ కదా?" అన్నాడు నాయిఫ్.

ఆయన చెయ్యి చాచాడు. "థామిర్, నాకూ ఓ కప్పు పొయ్యి."

పోశాడు. ముసలాయన దాన్ని పెదవికి తాకించకుండానే మహ్రూస్ కప్పు పక్కన నేల మీద పెట్టాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, పరాయి ఇంటి యజమానిని చూసినట్టు చూశాడు.

"నాయిఫ్‌గారూ, మా మహ్రూస్ తరఫున వచ్చాం. మీరు సరేనంటేనే ఈ కాఫీ తాగుతాం."