కదలని పిల్లలు

రాళ్లగుట్ట మీద పుట్టిన ఒక తీతువు పిట్ట కరువొచ్చి దూరదేశపు వాగు ఒడ్డుకు వలస వచ్చింది. అక్కడే రెండు పిల్లల్ని చేసింది. కొత్త చోటు కావడంతో దానికి అన్నిటికీ భయమే. ఆకు కదిలినా, కప్ప గెంతినా గట్టిగా అరిచేది. ఆ అరుపు వినగానే పిల్లలు నేలకు అతుక్కుపోయి ఊపిరి బిగబట్టేవి.

"ఒక్క పురుగునైనా ఏరుకోనివ్వవేం వదినా? నీ పిల్లలకి ఇంకా పరుగే రాలేదు," అంది పక్క తుంగలో ఉండే నీటికోడి.

"మా గుట్ట మీద కదలని పిల్లే బతికేది. గద్ద కంటికి రాయిలా కనబడాలి. నీళ్లల్లో పుట్టినదానివి, నీకేం తెలుసు?"

"ఇక్కడ గద్దలెక్కడివమ్మా? ఇక్కడ భయపడాల్సింది నీళ్లకి."

తీతువు వినలేదు. పరాయి చోట ఇంకాస్త జాగ్రత్త మంచిదే అనుకుంది.

ఒక మధ్యాహ్నం ఎగువన వాన కురిసి వాగు పొంగింది. తీతువు గాల్లోకి లేచి, "పరిగెత్తండర్రా! పైకి పరిగెత్తండి!" అని గొంతు చించుకుంది. అమ్మ అరుపుకి పిల్లలకు తెలిసిన అర్థం ఒక్కటే. రెండూ బురదకు మరింత గట్టిగా అతుక్కున్నాయి.

నీళ్లు మెడదాకా వచ్చాక చిన్నది వణికింది.

"కదలకు," అంది పెద్దది. "అమ్మ చూస్తోంది."