గుండెల్లోతు

"ఈ గీత ఏమిటండీ?"

కళ్ళజోడాయన వేలు సరిగ్గా అక్కడే ఆగింది. రెండుసార్లు రంగు వేయించినా, గుండెల ఎత్తున గది చుట్టూ ఆ మట్టిగీత మళ్ళీ బయటికొచ్చి కూర్చుంది. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు నోరు కూడా ఉందని బ్రోకరు లోలోపల తిట్టుకున్నాడు.

"అదా, పాత డిజైనండి. కింద ఒక రంగు, పైన ఒక రంగు వేసేవారు."

"స్విచ్చి బోర్డులు ఇంత పైన పెట్టారేం?"

"పసిపిల్లలు వేళ్ళు పెట్టకుండానండి. ఇంటావిడ ముందుచూపు!"

పోయినేడు నీళ్ళొచ్చినప్పటినుంచీ ఆ వీధిలో అద్దెలు మెట్లెక్కడం మొదలుపెట్టాయి. పై వాటా అద్దె ఒకటిన్నర రెట్లయినా జనం ఎగబడుతున్నారు. ఈ కింది వాటా అద్దె సగానికి దిగినా కుక్క కూడా తొంగిచూడలేదు. వానలకి ముందు మనిషిని దింపకపోతే రెండు వాటాల తాళాలూ ఇంకో బ్రోకరుకి ఇచ్చేస్తానని ఇంటావిడ ఆ ఉదయమే తేల్చి చెప్పింది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఒక ఇల్లు అద్దెకివ్వాలంటే ఎన్ని ఆడాలో మాత్రం చెప్పలేదు.

"వానాకాలం లోపలికి నీళ్ళొస్తాయా?" కళ్ళజోడాయన సూటిగా అడిగాడు.

"అబ్బే! గుమ్మం దాకా వస్తాయి, మనల్ని చూసి మర్యాదగా వెనక్కి పోతాయి."

కళ్ళజోడాయన ముఖం విప్పారలేదు. నమ్మలేదేమోనని బ్రోకరు మాట మార్చాడు.

"ఎంతమంది ఉంటారండీ?"

"నేను కాదు, మా అన్నయ్య. పక్షవాతం. మంచం దిగలేడు. ఇప్పుడు మాతోనే ఉన్నాడు. మేముంటున్న ఇల్లు ఆయన పేరునే ఉందనుకోండి... పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు, చోటు చాలడం లేదు. వంటమనిషి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఆయనొక్కడే. అందుకే నీళ్ళ సంగతి ఇంత గట్టిగా అడుగుతున్నాను."

బ్రోకరు చేతిలో తాళంచెవి ఆడటం ఆగిపోయింది. పోయినేడు ఇదే గదిలో నీళ్ళమీద తేలిన మంచం కళ్ళముందు మెదిలింది. వీధిలో అతనికి తడిగుడ్డతో గొంతు కోసే రకమని పేరు. అలాంటివాడికే ఈసారి అబద్ధమాడటానికి నోరు రాలేదు.

"వద్దు బాబూ," అన్నాడు. "నా కడుపు నేనే కొట్టుకుంటున్నాను, అయినా చెబుతున్నా. ఆ గీత డిజైనూ కాదు, నా బొందా కాదు. పోయినేడు ఇక్కడ గుండెల్లోతు నీళ్ళు. అరగంట కూడా పట్టలేదు నిండటానికి. ఈ తలుపు బయటికి తెరుచుకునేది. అవతల నీళ్ళు నిలిచాయంటే ఇద్దరు కలిసి తోసినా కదలదు. అప్పుడున్నవాళ్ళు అటకెక్కి కూర్చుంటే, ఫైరువాళ్ళొచ్చి కిటికీ ఊచలు కోసి బయటికి లాగారు. కాళ్ళూ చేతులూ ఆడేవాళ్ళు కాబట్టి బతికారు. మీ అన్నగారిని ఇందులో పెట్టకండి, మీకు పుణ్యముంటుంది."

చెప్పేశాక బ్రోకరుకి ఒళ్ళు తేలికైనట్టనిపించింది. బేరం పోయింది, పోతే పోనీ అనుకున్నాడు.

కళ్ళజోడాయన వంగి, మంచం ఎత్తు గోడమీద ఎంతవరకు వస్తుందో అరచేత్తో చూసుకున్నాడు. పాపం, అన్నగారిని తలుచుకుని బెంబేలెత్తాడని బ్రోకరు జాలిపడ్డాడు. తర్వాత ఆయన కిటికీ దగ్గరికెళ్ళి ఊచలు పట్టుకుని ఊపాడు.

"ఇవి కొత్తవా?"

"కొత్తవేనండి. దొంగల భయంతో ఇంటావిడ ఈసారి లావువి వేయించారు."

కళ్ళజోడాయన జేబులోంచి అడ్వాన్సు తీసి బ్రోకరు చేతిలో పెట్టాడు.

"అద్దె తగ్గించక్కర్లేదని ఇంటావిడతో చెప్పండి. నీళ్ళు రాకముందు ఎంత ఉండేదో అంతా ఇస్తాను. రేపే అన్నయ్యని తీసుకొస్తాను."

"అయ్యా... నేను చెప్పింది విన్నారా?"

"విన్నానండీ. మీలాంటి నిజాయితీపరుడు దొరకడం నా అదృష్టం." కళ్ళజోడాయన ముఖం అప్పుడు విప్పారింది. "ఇంతకుముందు రెండిళ్ళు చూశాను. రెండింట్లోనూ మోకాల్లోతుకి మించి రావన్నారు."