పద్దెనిమిది సీసాలు

"చంటిపిల్లల గ్యాస్ మందు ఎన్ని సీసాలుండాయి?"

హెల్మెట్ కూడా తీయకుండా అడిగారు ఎడ్విన్ మాస్టారు. ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల షాపు నడుపుతున్న విజయదుర్గ ఒకప్పుడు ఆయన దగ్గర సైన్సు చదువుకున్నదే. లెక్కపెట్టి చెప్పింది.

"పద్దెనిమిది సార్."

"అన్నీ ఇచ్చెయ్."

"అన్నీనా! ఎవరికి సార్?"

"మా మేఘనకు. పొట్ట డోలు మాదిరి ఉబ్బిపోయింది. ఊపిరాడటంలా."

"బిడ్డకు ఎన్నేళ్లు?"

"మూడు."

"మూడేళ్లదానికి ఇన్ని సీసాలా? ఏమన్నా అయితే?"

"ఏం కాదు. డాక్టర్ చెప్పిన పెద్ద సీసా ఎక్కడా దొరకలేదు. దాంట్లో ఉండేదీ ఇదే, సిలికాన్ నూనె. రక్తంలో కలవదు. కడుపులో నురగను పగలగొడుతుంది, గాలి త్రేన్పుగా బయటికొస్తుంది. నువ్వు జుట్టుకు పూసుకునే సీరంలోనూ ఇదే. క్లాసులో చెప్పినాను కదా!"

"ఆ పొద్దు నిద్రపోయినట్టుండాను సార్."

విజయదుర్గ చెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది.

"అసలేం తినింది?"

"పచ్చి అలసందలు. కొండలయ్య చేలో దూరి, కడుపు పట్టనన్ని."

"చూసుకోవద్దా సార్?"

"ఏంజెలిన్ చూసుకునేది."

మాస్టారు జేబులోంచి డబ్బులు తీశారు. ఆయన భార్య ఏంజెలిన్ పోయి మూడు నెలలు. ఆ ఇంట్లో ఆయనకు తోడు ఇక మేఘనే.

విజయదుర్గ గబగబా సీసాలు సంచిలో వేసింది. "108కి ఫోన్ చేద్దామా?"

"వాళ్లు ఎక్కించుకోరమ్మా."

"ఎందుకు ఎక్కించుకోరు?"

మాస్టారు జవాబు చెప్పేలోగా ఆయన ఫోన్ మోగింది. చేజర్ల నుంచి కొండలయ్య. అరుపు షాపంతా వినిపించింది.

"సార్, పడిపోయేట్టుండాది! తొందరగా రండి!"

"పడనియ్యబాకయ్యా! నిలబెట్టి పట్టుకో!"

సంచి హ్యాండిల్‌కు తగిలించి బండెక్కారు.

ఆ సాయంత్రం విజయదుర్గకు గిరాకీ మీద మనసు నిలవలేదు. ఒకరు జ్వరం బిళ్లలు అడిగితే దగ్గు మందు ఇచ్చి, వెనక్కి పిలిచి మార్చింది. పద్దెనిమిది సీసాలు. ఇచ్చి తప్పు చేసిందా? రెండుసార్లు మాస్టారి నంబరు నొక్కి కట్ చేసింది. మూడోసారి మోగనిచ్చింది.

"సార్... బిడ్డెట్టుండాది?"

అవతలి నుంచి పాఠం చెప్పే రోజుల నాటి గొంతు వినిపించింది.

"గండం గడిచిందమ్మా. కొండలయ్య తల పట్టుకున్నాడు, అన్నీ తాగించేసినాను. అరగంటకు వీధంతా ఉలిక్కిపడేట్టు త్రేన్చింది. ఇప్పుడు తీరిగ్గా పడుకోని నెమరేస్తా ఉండాది."