సాక్షి స్నానం

"సోదా జరిగేటప్పుడు సాక్షి కండ్లారా చూడల్లంట గదా సామీ, లోపలికి రాండి," అంది సిద్దమ్మ.

మాలపల్లె సందులో పంచె ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు కరణం నరసింహం. "మీ గడప తొక్కితే మళ్లీ స్నానం చేయల్ల గదే. ఈడ్నుంచే కనపడతాదిలే."

సంచీతో ఒక్కడే లోపలికి పోయిన హెడ్ కానిస్టేబుల్ సారా సీసాతో బయటికొచ్చాడు. సిద్దమ్మ మొగుడైన సుంకన్నకు బేడీలు వేశాడు.

కరణం సీసా అందుకుని, మూత తీసి వాసన చూశాడు. "సారాయే."

సిద్దమ్మ ఆయన చేతినే చూసింది. "అది మా ఇంట్లో సీసానే అయ్యింటే, మీరు ముట్టుకుంటాంటిరా సామీ?"

కరణం సాక్షి సంతకం పెట్టి నేరుగా బావికి పోయి, మాలపల్లె సీసా ముట్టుకున్నానని నలుగురికీ చెబుతూ తలస్నానం చేశాడు.