సారయ్య లివరు, బాలి బజ్జీలు

బడి గేటు పక్కన బాలి బజ్జీల బండి లేదు.

నిన్నటిదాకా బండి ఉన్నచోట నూనె మరకలు మాత్రం మిగిలాయి. సారయ్య భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎదురుగా జిరాక్స్ షాపులో ఉన్న కోటేష్‌ని అడిగాడు.

"బండేదిరా?"

"పెట్రోల్ బంకు కాడికి పోయింది మామా. బడి వదలంగనే పిల్లలంత బండి మీద పడ్తున్నరని హెడ్మాస్టరు లొల్లి పెట్టిండట."

"బంకు కాడికా!"

బంకు ఇంకో కిలోమీటరు. సారయ్య ఇంటివైపు చూశాడు. రోడ్డువైపు చూశాడు. ఎక్కడి నుంచో వాము వాసన తగిలినట్టయింది. ముందుకే నడిచాడు.

ఆటో ఎక్కవచ్చు. కానీ టేకులపల్లిలో ఆటో తోలేవాళ్లందరూ అతని భార్య సమ్మక్కను చిన్నమ్మా అని పిలిచేవాళ్లే. అతను ఇల్లు చేరేలోపే కబురు చేరుతుంది.

ఈ దొంగతిండికి మూలం రెండు నెలల కిందటి శిబిరం. లివరు జబ్బుల మీద పరిశోధన చేసే డాక్టర్లు వచ్చి, బొగ్గుబాయిల్లో పనిచేసి రిటైరైనవాళ్లను పిలిచారు. రక్తం తీసి కామెర్ల వైరస్ ఉందేమో చూశారు. సారయ్యకు లేదు. తర్వాత పక్కటెముకల మీద ఓ మిషను ఆనించారు. డాక్టరు జ్యోత్స్న తెర మీది అంకె చూసి నొసలు చిట్లించింది.

"లివరుకు కొవ్వు బాగా పట్టింది సారయ్యగారూ. గట్టిపడటం కూడా మొదలైంది."

"చుక్క ముట్టనోనికి లివరు జబ్బేంది మేడం? మీ మిషను నాకంటే ముందు ఎవన్నో తాగుబోతును ముట్టుకున్నట్టుంది!"

"తాగనివాళ్లకూ వస్తుంది. మేం పరిశోధిస్తున్నదే అది. తిండి తగ్గించండి, రోజూ గంట నడవండి, ఈ డైరీలో రాయండి. ఆరు నెలలకు మళ్లీ కొలుస్తాం. నంబరు పెరిగితే పక్కలో సూది గుచ్చి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాల్సి రావచ్చు."

ముప్పై రెండేళ్లు భూమి కింద, పైకప్పు పెళ్లలు రాలుతున్నా బెదరని మనిషికి సూది పేరు వినగానే చెమటలు పట్టాయి.

"మీ అన్న గూడ చుక్క ముట్టలే," అంది సమ్మక్క ఇంటికొచ్చాక. "కడుపుల నీరొచ్చి పోయిండు. నీకు దండం పెడ్త, జర నడువయ్యా."

"బాయిల నడిచిన నడక చాలదా? ఇగ ఒక్క అడుగు గూడ ఎక్కువెయ్య. నన్ను నడిపిచ్చేటోడు పుట్టలే!"

మర్నాడు సమ్మక్క అతని మోటర్‌సైకిల్‌ని కొడుకు కిషోర్‌కిచ్చి పంపేసింది. పాల్వంచలో షిఫ్టు డ్యూటీకి కావాలట. పొయ్యి మీదికి సొరకాయ, జొన్నరొట్టె ఎక్కాయి. వారం తిరిగేసరికి సారయ్య నాలుక చచ్చిపోయింది. అప్పటినుంచి సాయంత్రం కాగానే "వాకింగుకు పోతున్న" అని అబద్ధం చెప్పి, గల్లీ మొదట్లో ఉన్న బాలి దగ్గరికి పోవడం మరిగాడు. అయిదు రోజులకే అక్కడ మోరీ కాలువ తవ్వుతున్నారని ఆమె బండిని బడి దగ్గరికి మార్చింది. ఇప్పుడు బంకు.

రొప్పుతూ బంకు చేరేసరికి బాలి కాగితంలో రెండు బజ్జీలు పెట్టి చేతికిచ్చింది.

"రెండే అన్నా. పిండి అయిపోయింది."

"గిన్నె నిండ కనవడ్తుంటే అయిపోయిందంటవేంది?"

"గది ఆర్డరు పిండి."

"గింత దూరం వచ్చినోనికి రెండేనా?"

"రేపు గూడ రా అన్నా. ఇంకో రెండిస్త."

ఇంటికెళ్లేసరికి సమ్మక్క గుమ్మంలోనే ఉంది.

"అయిందా వాకింగు?"

"అయింది."

"మూతి కడుక్కొని రా. రొట్టె పెడ్త."

రాత్రి డైరీ తీసి "సాయంత్రం ఉడికిన శనగలు. నడక గంట" అని రాశాడు. ఇంత చదువుకున్న డాక్టరమ్మను మోసం చేస్తున్నందుకు సిగ్గేసింది. అయినా రాశాడు.

నెలన్నరకు బండి బంకు దగ్గర కూడా లేదు. ఈసారి అడవి మొదట్లోని ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర దొరికింది.

"పెట్రోలు కాడ పొయ్యి పెట్టొద్దన్నరు," అంది బాలి.

"గది నీకు మొదలే తెల్వదా?"

"తెలుసు. చెప్పేదాక చూద్దామనుకున్న."

సారయ్య తిట్టుకుంటూనే తిన్నాడు. తిట్టుకుంటూనే టేకుచెట్ల మధ్య రోజూ పోయాడు, వానలో గొడుగు పట్టుకుని మరీ.

ఆరు నెలలు నిండాయి. మిషను ముందు పడుకున్న సారయ్య కళ్లు గట్టిగా మూసుకున్నాడు. డాక్టరు జ్యోత్స్న ఒకసారి కొలిచింది. మళ్లీ కొలిచింది.

"సూదేనా మేడం?"

"సూదెందుకు? నంబరు బాగా తగ్గింది. బరువూ ఏడు కిలోలు తగ్గారు. ఏం చేశారసలు?"

సారయ్య ఓరగా సమ్మక్కను చూశాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ సంచి సర్దుకుంటోంది.

"డైరీల రాసిందే మేడం."

"అదే చేస్తూ ఉండండి."

దారిలో కోటేష్ కనిపిస్తే చెవి దగ్గర రహస్యంగా చెప్పాడు. "మందంత బజ్జీల వాములనే ఉందిరా! డాక్టర్లకింక తెల్వలే."

సాయంత్రం "వాకింగుకు పోతున్న" అని హుషారుగా బయల్దేరాడు. గల్లీ మలుపు దాకా పోయాక తువ్వాలు మరిచానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. లోపల సమ్మక్క ఫోనులో మాట్లాడుతోంది.

"బాలీ, రేపటి సంది బండి చెక్‌పోస్టు అవతల పెట్టు."