గెలిపించినవాళ్ళు

ఎదురింటి చాముండేశ్వరిగారు చెప్పినదాన్ని బట్టి, తేజేశ్వర్‌కీ శశికాంత్‌కీ మాటల్లేకపోవడానికి కారణం స్థలం. "అమెరికాలో, ఈ నోవైలో గట్టు తగాదా ఏంటమ్మా!" అని కూతురు నవ్విందట. "పక్కపక్క ఇళ్ళ మగాళ్ళు మొహాలు తిప్పుకు తిరుగుతున్నారంటే మధ్యలో గట్టు ఉండే ఉంటుంది. మంచు కింద మీకు కనపడదంతే" అన్నదట ఆవిడ. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉందామని వచ్చిన మనిషి. కిటికీయే ఆవిడకు టీవీ.

గొడవ గట్టు దగ్గర కాదు. మాండేట్ దగ్గర.

నవంబరులో ప్రెసిడెంట్ ఎన్నికలయ్యాయి. తేజేశ్వర్ మెచ్చినాయన గెలిచాడు. శశికాంత్ మెచ్చినావిడ ఓడింది. ప్రచారం నాళ్ళలో ఇద్దరి ఇళ్ళ ముందూ చెరో బోర్డు నిలబడింది. ఎలక్షన్ రోజు ఇద్దరూ ఆఫీసుకు సెలవు పెట్టారు. ఫలితం వచ్చాక కూడా బాగానే ఉన్నారు. కొత్తాయన కుర్చీ ఎక్కి ఒకదాని వెనక ఒకటి ఉత్తర్వులు దించడం మొదలెట్టాకే చెడింది.

ఎవరిదో పుట్టినరోజు పార్టీలో తేజేశ్వర్ అన్నాడు: "జనం మాండేట్ ఇచ్చారు, ఏలుకొమ్మని తీర్పు చెప్పారు. ఆయన అనుకున్నది చేసుకుపోతాడు. అడ్డం పడటానికి మీరెవరు?"

"జనమంటే ఎవరు రా? అత్తెసరు మార్కులతో గెలిచిండు. అది గెలుపే, కాదనను. మాండేట్ ఎట్లయితది?" అన్నాడు శశికాంత్.

"క్లాసులో ఫస్ట్ వచ్చినవాణ్ణి ఎన్ని మార్కుల తేడాతో వచ్చావని అడుగుతామా?"

"ఫస్ట్ వచ్చినోడు పోయి హెడ్మాస్టర్ కుర్చీల కూసుంటే అడుగుతం."

పార్టీలో అందరూ నవ్వారు. అదే కాలింది తేజేశ్వర్‌కు. నాలుగు మాటలు జారాడు. శశికాంత్ ఎనిమిది జారాడు. పన్నెండేళ్ళ స్నేహం, కేకు కొయ్యకముందే అయిపోయింది.

దెబ్బ మాత్రం తేజేశ్వర్ భార్య స్పందనకు తగిలింది. పోయిన చలికాలం హైవే మీద ఆమె కారు మంచుకు జారి గిర్రున తిరిగి రైలింగ్‌కు కొట్టుకుంది. అప్పట్నుంచి మంచు పడితే స్టీరింగ్ ముట్టుకోలేదు. శశికాంత్ భార్య గీతాంజలిదీ అదే ఆఫీసు కాబట్టి, రోజూ ఆమె కార్లోనే వెళ్ళొచ్చేది. గొడవయ్యాక గీతాంజలి కారు ఈ గుమ్మం ముందు ఆగడం మానేసింది. "ఇంట్లో రోజూ యుద్ధం నా వల్ల కాదు స్పందనా, సారీ" అని ఫోన్ చేసి ఏడ్చింది. తేజేశ్వర్ ఆఫీసేమో రెండో దిక్కు.

కొన్నాళ్ళు ఇంటి నుంచే పని చేసింది. మేనేజర్ మర్యాదగానే చెప్పాడు: సోమవారం నుంచి ఆఫీసుకు రావాలి, లేదంటే ఇంకొకళ్ళను చూసుకుంటాం.

స్పందనకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. గ్లవ్స్ లేకుండా మంచు ఎత్తిన వేళ్ళలాగా లోపలంతా మొద్దుబారి ఉంది. ఆ మొద్దుతనంతోనే వంకాయలు కోసింది, కూర చేసింది, గీతాంజలికి ఫోన్ చేసింది. ఆడవాళ్ళిద్దరూ కూడబలుక్కుని శనివారం మధ్యాహ్నం మగాళ్ళను ఒకే బల్ల ముందు కూర్చోబెట్టారు. కాలేజీ నుంచి వారాంతానికి వచ్చిన స్పందన కూతురు దేదీప్య కూడా ఓ మూల కుర్చీలో చేరింది. పందొమ్మిదేళ్ళ పిల్ల. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే.

స్పందన అందరికీ వడ్డించింది.

"కూర మంచిగుందమ్మా" అన్నాడు శశికాంత్, స్పందన వైపు తిరిగి.

"కూరకైనా మాండేట్ ఇచ్చావు. సంతోషం" అన్నాడు తేజేశ్వర్.

స్పందన చేతిలో గరిటె ఆగింది. గీతాంజలి కళ్ళు మూసుకుంది.

"దేశంల ఓటున్నోళ్ళ లెక్క మొత్తం తీస్తే మీ ఆయనకు వేసినోళ్ళు మూడోవంతు కూడా లేరు, తెలుసా?" అన్నాడు శశికాంత్.

"మీ ఆవిడకు అంతకన్నా తక్కువ."

"ఒప్పుకుంట. మరి మిగిలినోళ్ళు ఏడ పోయిన్రు?"

"దుప్పటి కప్పుకుని పడుకున్నారు."

శశికాంత్‌కు నవ్వొచ్చింది. ఆపుకోబోయి పొలమారింది. తేజేశ్వర్ లేచి మంచినీళ్ళు అందించాడు.

"తన్నాల్సింది వాళ్ళని రా!" అన్నాడు. గొడవయ్యాక స్నేహితుణ్ణి 'రా' అనడం ఇదే మొదలు.

"అవ్ రా. ఓటు చేతుల పెట్టుకుని ఇంట్ల కూసునేటోళ్ళు. మనమేమో గొంతులు చించుకుని సస్తున్నం."

"మాండేట్ లేదూ మట్టీ లేదూ. దేశాన్ని ముంచింది ఆ బద్ధకస్తులే."

"సిగ్గుండాలె వాళ్ళకు."

ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. గీతాంజలి బల్ల కింద స్పందన చెయ్యి నొక్కి, "సోమవారం ఏడింటికి హారన్ కొడతా" అంది గుసగుసగా. స్పందన తలూపింది. సంతోషం ఇంకా ఆమె దాకా రాలేదు.

శశికాంత్ హుషారుగా మూల కుర్చీ వైపు తిరిగాడు. "ఏం బిడ్డా, మీ కాలేజీల గూడ ఉన్నరా అసొంటోళ్ళు? గట్టిగ గడ్డి పెట్టు!"

దేదీప్య ఫోన్ పక్కన పెట్టింది.

"అంకుల్, మీ నలుగురిలో ఎవరూ సిటిజన్ కాదు, ఈ రూమ్‌లో ఓటు ఉన్నది నాకొక్కదానికే, నేను వెయ్యలేదు."